వృత్తి విద్యలో చేర్పించే ముందు వర్క్‌షాప్‌లో స్క్రాప్ డబ్బా చూడండి

మీరు అడిగింది ఇదీ: మీ అబ్బాయికి ఈ ఏడాదితో బడి చదువు అయిపోతుంది. మెషీన్లంటే ప్రాణం. వృత్తి విద్యలో చేరతానంటున్నాడు. చుట్టాలేమో "మార్కులు రానివాళ్లు పోయే దారి అది" అంటున్నారు. పైగా రోబోలు, ఏఐ వచ్చాక ఈ పనులే మిగలవని ఎవరో చెప్పారు. ఈ చదువు ఇప్పుడు ఎలా ఉంది, ముందు ముందు ఎలా ఉంటుంది, చేర్పించమంటారా వద్దంటారా?

నేను ఆరేళ్లు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేసి, ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లుగా ఫిట్టర్, మెషినిస్ట్ ట్రేడులు నేర్పుతున్నాను. చేర్పించండి. కాకపోతే ఎక్కడ చేర్పిస్తున్నారన్నదే అసలు సంగతి. ఒకే పేరున్న కోర్సు ఒకచోట పిల్లాడి జీవితాన్ని నిలబెడుతుంది, ఇంకోచోట చేతిలో ఒక కాగితం పెట్టి పంపేస్తుంది. ఆ రెండిటికీ తేడా ఎక్కడుందో చెప్పాలంటే ముందు మిమ్మల్ని వర్క్‌షాప్‌లోకి తీసుకెళ్లాలి.

ఫిట్టర్ ట్రేడులో చేరిన పిల్లాడికి మొదట ఇచ్చేది అరచేతిలో పట్టేంత మైల్డ్ స్టీల్ ముక్క, ఒక ఆకురాయి. దీన్ని బెంచ్ వైస్‌లో బిగించి, ఒక ముఖాన్ని చదునుగా అరగదీయాలి. తర్వాత దాని పక్క ముఖాన్ని దానికి సరిగ్గా తొంభై డిగ్రీల్లో తేవాలి. వినడానికి ఇంతే. మొదటి రోజు ప్రతి పిల్లాడి ముక్కా మధ్యలో ఉబ్బెత్తుగా, అంచుల్లో వాలుగా వస్తుంది. ఆకురాయి ముందుకు వెళ్తున్నప్పుడు ఊయలలా ఊగడమే కారణం. మొదట్లో ఎడమచేతి ఒత్తిడి ఎక్కువుండాలి, ముందుకు పోయేకొద్దీ అది తగ్గుతూ కుడిచేతి ఒత్తిడి పెరగాలి. వెనక్కి తెచ్చేటప్పుడు అసలు నొక్కకూడదు. ఇదంతా నేను బోర్డు మీద రాసి చెప్పగలను, పిల్లాడు పరీక్షలో రాయగలడు కూడా. అయినా ముక్క ఉబ్బెత్తుగానే వస్తుంది.

అప్పుడు తొంభై డిగ్రీలు సరిచూసే మూలమట్టం ఆనించి కిటికీ వైపు పట్టుకుని చూడమంటాను. ముక్కకీ మూలమట్టం బ్లేడుకీ మధ్య రెండు అంచుల్లోనూ వెలుతురు సన్నగా కనబడుతుంది. మళ్లీ అరగదీస్తాడు. ఈసారి ఒక అంచులో వెలుతురు పోతుంది, ఇంకో అంచులో పెరుగుతుంది. మళ్లీ. కొన్ని రోజులకు ముక్క కొలత తగ్గిపోయి పనికిరాకుండా పోతుంది. దాన్ని స్క్రాప్ డబ్బాలో వేసి ఇంకో ముక్క ఇస్తాను. రెండో ముక్కో మూడో ముక్కో అయ్యేసరికి ఒకరోజు వెలుతురు ఎక్కడా కనబడదు. ఆ రోజు పిల్లాడి మొహం చూడాలి. నన్ను పిలవకుండా తనే మూడు నాలుగుసార్లు తిప్పి తిప్పి చూసుకుంటాడు.

అక్కడ వాడు నేర్చుకున్నది అరగదీయడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీలో ఆకురాయితో గంటలు గంటలు పని చేసే రోజులు ఎప్పుడో పోయాయి. వాడికి వచ్చింది చూపు. చదును అంటే ఏమిటో, ఎంత తేడా తేడా కిందకి వస్తుందో, తన చెయ్యి ఏం చేస్తే ముక్క ఎలా మారుతుందో ఒంట్లోకి ఎక్కింది. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌లో 0.02 మిల్లీమీటరు చూపిస్తే అది వాడికి ఇక అంకె కాదు, చేత్తో ఎరిగిన కొలత. ఈ చూపు రావాలంటే గంటలు కావాలి, తగినంత లోహం పాడవ్వాలి. వేరే దారి నాకు తెలీదు.

అందుకే మంచి సంస్థకి నా కొలబద్ద ఒక్కటే: పిల్లాడిని ఎంత పాడుచేయనిస్తారు, పాడైనది ఎందుకు పాడైందో పక్కన నిలబడి ఎవరు చెబుతారు?

ఈ కొలబద్ద పెట్టి చూస్తే ఈ చదువు ఈ రోజున చాలాచోట్ల బాగాలేదు. నేను కొంతకాలం పనిచేసిన ఒకచోట లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే కొత్త లేత్ మెషీన్లు వచ్చాయి. పిల్లలు పాడుచేస్తారని వాటికి ప్లాస్టిక్ కవర్లు కప్పి, తనిఖీ వాళ్లు వచ్చినప్పుడే తీసేవాళ్లు. మెటీరియల్‌కి డబ్బుల్లేవని ఒక్కో ముక్కను ముగ్గురికి ఇచ్చేవాళ్లు. ఒకడు చేస్తుంటే ఇద్దరు చూసేవాళ్లు. రికార్డు పుస్తకాల్లో మాత్రం అన్ని ఎక్సర్‌సైజులూ అందంగా గీసి ఉండేవి. ఆ పిల్లలు పాసయ్యారు. ఫ్యాక్టరీలో మొదటి వారమే "మీకేమీ రాదు" అనిపించుకున్నారు. ఆ మాట పడాల్సింది వాళ్లు కాదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, వర్క్‌షాప్ చదువు ఖరీదైన చదువు. ఒక క్లాసులో అరవైమందిని కూర్చోబెట్టి పాఠం చెప్పొచ్చు. లేత్‌లో ముక్కను పట్టుకుని తిరిగే చక్ ముందు అరవైమందిని నిలబెట్టలేం. ముక్కలు, టూల్స్, కరెంటు, మరమ్మతులు, వీటన్నిటికీ ఏటేటా డబ్బు కావాలి. బడ్జెట్ తగ్గించాలంటే మొదట కోత పడేది అక్కడే, ఎందుకంటే మెటీరియల్ తగ్గించినా ఆ ఏడాది పాసయ్యేవాళ్ల సంఖ్య తగ్గదు. నష్టం కనబడేది కొన్నేళ్ల తర్వాత, అదీ వేరేవాళ్ల ఫ్యాక్టరీలో.

పని నేర్చుకోవడాన్ని బడిలోకి తెచ్చింది కూడా ఒకరకంగా ఈ ఖర్చు తగ్గించడానికే. పూర్వం ఏ పనైనా గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండి నేర్చుకోవడమే. 1868 ప్రాంతంలో మాస్కో ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్ డైరెక్టర్ విక్టర్ డెల్లా-వోస్ పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాడు. ముందు గీత గీయడం, తర్వాత కోయడం, తర్వాత అరగదీయడం, ఇలా తేలికనుంచి కష్టానికి వరసపెట్టాడు. ఒకే మాస్టారు ఒకేసారి చాలామందికి నేర్పే వీలు అప్పుడు వచ్చింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ ఎక్సర్‌సైజు ముక్కలు చూసి అమెరికాలోని సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ అధ్యక్షుడు జాన్ రంకిల్ ఆ పద్ధతిని తమ బడికి తీసుకెళ్లాడు. ఈ రోజుకీ ఫిట్టర్ పిల్లాడికి మొదట స్టీల్ ముక్క ఇస్తున్నామంటే ఆ వరస చలవే. అది గొప్ప మేలు. అయితే దాంతోపాటు ఒక లోటు కూడా వచ్చింది. బడిలో చేసిన ముక్కని ఎవరూ ఏ మెషీన్‌లోనూ బిగించరు. దానికోసం ఎదురుచూసే మనిషి లేడు. గడువు లేదు, నష్టం లేదు. పిల్లాడికి వరస వచ్చింది గానీ బాధ్యత రాలేదు.

ఆ బాధ్యత ఫ్యాక్టరీలోనే వస్తుంది. ఇది బాగా పట్టుకున్న దేశాలు జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా. జర్మనీలో 1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టం కింద మూడు వందలకు పైగా వృత్తుల్లో శిక్షణ ఇస్తారు. చాలా వృత్తులకు మూడు, మూడున్నరేళ్లు. పిల్లాడు కంపెనీతో ఒప్పందం రాసుకుని వారంలో మూడు నాలుగు రోజులు అక్కడ పని నేర్చుకుంటాడు, ఒకటి రెండు రోజులు బడికి వెళ్తాడు. కంపెనీ వాడికి భత్యం ఇస్తుంది. ఆఖరి పరీక్ష పెట్టేది అటు కంపెనీ కాదు, ఇటు బడి కాదు. ఆ ప్రాంతంలోని పరిశ్రమల సంఘం పెడుతుంది. తన దగ్గర నేర్చుకున్నవాడికి తానే మార్కులు వేసుకోవడం కుదరదు. ఈ ఒక్క ఏర్పాటే ఎంతో మార్పు తెస్తుంది.

కంపెనీకి ఏం లాభమని అడుగుతారు. శిక్షణ రోజుల్లో జర్మనీ కంపెనీలకు సగటున కొంత ఖర్చు చేతి నుంచి పడుతుంది. తర్వాత ఆ పిల్లాడినే ఉద్యోగంలోకి తీసుకోవడంతో అది తిరిగొస్తుంది. స్విట్జర్లాండ్‌లో చాలా కంపెనీలకు శిక్షణ పూర్తయ్యేలోపే ఖర్చు రాబడుతుంది, ఎందుకంటే పిల్లలకు అసలు పని అప్పజెబుతారు. అక్కడ బడి అయ్యాక మూడింట రెండొంతుల మంది పిల్లలు ఈ దారిలోనే వెళ్తారు. అందులో నామోషీ ఎవరికీ కనబడదు.

దీన్ని చట్టం చేసేసి వేరేచోట తెచ్చుకుందామంటే అంత తేలిగ్గా రాదు. "నేను నేర్పితే పక్క కంపెనీ వాడు ఎత్తుకుపోతాడు" అన్న భయం ప్రతి యజమానికీ ఉంటుంది. అందరూ నేర్పితే ఆ భయం పోతుంది, ముందు ఎవరు మొదలుపెట్టాలన్నదే చిక్కు. బ్రిటన్ 2017లో పెద్ద కంపెనీల జీతాల బిల్లు మీద 0.5 శాతం శిక్షణ సుంకం వేసింది. ఆ డబ్బు శిక్షణకే వాడుకోవాలి. తీరా చూస్తే కొత్తగా చేరే అప్రెంటిస్‌ల సంఖ్య తగ్గింది. డబ్బులో మంచి వాటా అప్పటికే ఉద్యోగంలో ఉన్న పెద్దవాళ్ల పైచదువులకు పోయింది. డబ్బు ఉన్నంత మాత్రాన బెంచ్ పక్కన నిలబడి నేర్పే మనిషి పుట్టుకురాడు. 2023లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నాణ్యమైన అప్రెంటిస్‌షిప్‌ల మీద ప్రత్యేకంగా ఒక సిఫారసును ఆమోదించింది. భత్యం, భద్రత, రాతపూర్వక ఒప్పందం లాంటివి అందులో ఉన్నాయి. అప్రెంటిస్ పేరు పెట్టి పిల్లలచేత చౌకగా చాకిరీ చేయించుకునే జబ్బు అన్నిచోట్లా ఉంది కాబట్టే అది అవసరమైంది.

ఇక మీ చుట్టాల మాట. వాళ్లని తప్పు పట్టకండి. 1965లో ఫిలిప్ ఫోస్టర్ అనే పరిశోధకుడు ఘనా పిల్లల్ని గమనించి ఒక సంగతి చెప్పాడు. పిల్లలు వృత్తి బడులు వదిలి మామూలు చదువులకు పోతుంటే, వాళ్లకి పని అంటే చిన్నచూపు అని పెద్దలు తిట్టేవాళ్లు. నిజానికి మంచి జీతాలు, భద్రమైన ఉద్యోగాలు ఆ మామూలు చదువుల వెంటే ఉన్నాయి, పిల్లలు లెక్క సరిగ్గానే వేసుకున్నారు అన్నాడాయన. అరవై ఏళ్లు దాటినా ఆ మాట నాకు నిజమే అనిపిస్తుంది. పనికి గౌరవం ఇవ్వండని ప్రసంగాలు చెప్పి లాభం లేదు. మంచి వెల్డర్‌కి మంచి జీతం, కళ్లకీ ఊపిరితిత్తులకీ రక్షణ, పైకి ఎదిగే దారి ఉన్నచోట ఆ కోర్సులో సీటు కోసం జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. మార్కులు తక్కువొచ్చినవాళ్లందర్నీ ఏరి ఇటు నెట్టే పద్ధతి ఉన్నంతకాలం ఆ మచ్చ పోదు. మీ వాడు ఇష్టపడి వస్తున్నాడు. నా అనుభవంలో క్లాసులో అలాంటివాడు ఒక్కడున్నా పక్కన ఐదుగురు మారతారు.

రోబోల సంగతికి వస్తాను. ఒకేలాంటి ముక్కను వెయ్యిసార్లు చేసే పనులు పోతాయి, చాలావరకు పోయాయి కూడా. నేను నేర్చుకున్న రోజుల్లో లేత్ మీద పనిచేసే టర్నర్ హ్యాండిల్ తిప్పేవాడు, ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ తిప్పుతుంది. అయితే సీఎన్‌సీ ముందు నిలబడిన మనిషికి టూల్ అరుగుతున్న శబ్దం తెలియాలి, ముక్క ఎలా పట్టుకుంటే వణకదో తెలియాలి, టూల్ ఎక్కడుందో మెషీన్‌కి చెప్పే ఆఫ్‌సెట్‌లో ఒక అంకె తప్పు కొడితే టూల్ వెళ్లి చక్‌ని గుద్దుతుందని ఒంట్లో భయం ఉండాలి. హాన్స్ మోరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లోనే గమనించాడు: పెద్దవాళ్లకి కష్టమనిపించే లెక్కలు, చదరంగం కంప్యూటర్‌కి తేలిక, ఏడాది పిల్లాడు చేసే చూడటం, పట్టుకోవడం, నడవడం దానికి మహా కష్టం. ఇప్పుడు ఆ దూరం తగ్గుతోంది. అయినా పాత భవనంలో గోడ వెనక పోయిన పైపులు, ఎవరో ఇరవై ఏళ్ల కింద ఇష్టమొచ్చినట్టు లాగిన వైర్లు, తుప్పు పట్టిన బోల్టులు, ఏ రెండూ ఒకలా ఉండని ఇలాంటి చోట్ల మనిషి అవసరం తీరిపోవడానికి చాలా కాలం పడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఒక పంపు మోటార్‌కి బేరింగ్ మాటిమాటికీ పోయేది. మార్చడం, మళ్లీ పోవడం. ఈ రోజుల్లో అయితే వైబ్రేషన్ సెన్సర్ పెడితే బేరింగ్ పోబోతోందని ముందే చెబుతుంది, మంచిదే. కానీ ఎందుకు పోతోంది? మా సీనియర్ ఫిట్టర్ ఒకాయన వచ్చి బేరింగ్ వైపు చూడనే లేదు. కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ మోటార్ పాదం మీద పెట్టి, నాలుగు పునాది బోల్టుల్ని ఒక్కొక్కటే వదులుచేసి మళ్లీ బిగించుకుంటూ వచ్చాడు. మూడో బోల్టు వదలగానే ముల్లు గబుక్కున జరిగింది. ఆ పాదం బేస్ మీద పూర్తిగా ఆనడం లేదు. బోల్టు బిగించినప్పుడల్లా మోటార్ బాడీయే మెలిపడి షాఫ్ట్ వరస తప్పుతోంది. ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి, అంత మందం రేకు పాదం కింద పెట్టి బిగించాడు. ఆ తర్వాత ఆ బేరింగ్ జోలికి మేం పోలేదు. ఆ సందు ఆయనకెలా తట్టింది? కుర్రతనంలో మూలమట్టం కింద వెలుతురు చూసి చూసి ఉన్న కన్ను అది. సెన్సర్, ఏఐ ఆయనలాంటివాడికి ఇస్తే రెట్టింపు పని చేస్తాడు. ఆ కన్ను లేనివాడికి ఇస్తే స్క్రీన్ మీద వచ్చిన మాట ప్రకారం బేరింగ్ మారుస్తూనే ఉంటాడు.

పైగా ట్రేడులే లోపల నుంచి మారుతున్నాయి. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌ల సంగతి చూడండి. ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చి పాత గ్యాసులు పోయాయి. 2016 కిగాలి సవరణతో, భూమిని వేడెక్కించే తర్వాతి తరం గ్యాసులూ తగ్గుతున్నాయి. వాటి బదులు వస్తున్నవాటిలో ఆర్-290 అంటే ప్రొపేనే, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇరవై ఏళ్ల అలవాటు చొప్పున గ్యాస్ ఉన్న పైపుకి, అతుకు వేసే బ్రేజింగ్ టార్చ్ పెట్టేవాడికి అది ప్రాణం మీదకి తెస్తుంది. ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్‌కి స్పానర్ కంటే ముందు హై వోల్టేజీని విడదీసే క్రమం, ఇన్సులేటెడ్ గ్లౌజులు, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగడం రావాలి. కాబట్టి పని పోతుందన్న టెన్షన్ కంటే, పని మారినప్పుడు మళ్లీ నేర్చుకోగలడా అన్నది ఎక్కువ ఆలోచించాల్సిన సంగతి.

ఇక్కడ మీకొక నిజం దాచకుండా చెప్పాలి. హనుషెక్, వోస్‌మన్, మరికొందరు ఆర్థికవేత్తలు 11 దేశాల సమాచారం చూసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృత్తి విద్య చదివినవాళ్లకి కుర్రతనంలో ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ మొగ్గు తగ్గిపోయి, మామూలు చదువు చదివినవాళ్లే ఉద్యోగాల్లో ఎక్కువగా నిలబడతారు. అప్రెంటిస్‌షిప్ బాగా వేళ్లూనిన దేశాల్లో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. నేను కళ్లారా చూసిందీ అదే. ఒక్క మెషీన్ మీదే చెయ్యి తిరిగినవాడు, ఆ మెషీన్ పోయిన రోజున నలభై ఐదేళ్ల వయసులో దిక్కుతోచక నిలబడిపోయాడు. లెక్కలు, డ్రాయింగ్ చదవడం, కొత్త మాన్యువల్ పట్టుకుని తనంతట తాను అర్థం చేసుకోవడం వచ్చినవాడు గట్టెక్కాడు. "చేతి పనికి లెక్కలెందుకు" అని ఎవరైనా అంటే నమ్మకండి. ట్రిగనామెట్రీ రాకుండా, ముక్కను ఒకవైపు సన్నబడేలా చెక్కే టేపర్ టర్నింగ్‌లో కోణం ఎవరో రాసిచ్చింది పెట్టుకోవాల్సిందే. మీ వాడికి లెక్కలంటే భయముంటే ఆ భయం పోగొట్టడమే ఇప్పుడు మీరు చేయగల పెద్ద సాయం.

అందుకే పైకి వెళ్లే నిచ్చెన ఉందో లేదో కూడా చూడాలి. స్విట్జర్లాండ్ 1990ల్లో వృత్తి విద్య పిల్లలకి ప్రత్యేకమైన అర్హత పరీక్ష తెచ్చి అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలకి దారి తెరిచింది. దక్షిణ కొరియా 2010లో మైస్టర్ హైస్కూళ్లు మొదలుపెట్టి, ముందు ఉద్యోగం, తర్వాత చదువు అనే పద్ధతి పెట్టింది. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయం జీవితాంతం గొళ్లెం పడిన తలుపు కాకూడదు.

సిమ్యులేటర్ల గురించి ఒక మాట. వెల్డింగ్ సిమ్యులేటర్ మంచిదే. చెయ్యి కోణం, వేగం, ఆర్క్ దూరం అలవాటు చేస్తుంది, ఎలక్ట్రోడ్లు మిగులుతాయి. అసలు ఆర్క్ ముందు పొగ, వేడి, కరిగిన లోహం ముద్ద కదలిక వేరు. 2020లో వర్క్‌షాపులు మూతబడినప్పుడు థియరీ అంతా ఫోన్లో చెప్పేశాం, ప్రాక్టికల్ ఆగిపోయింది. తిరిగొచ్చిన బ్యాచ్‌కి అన్ని పేర్లూ తెలుసు, దేన్నీ పట్టుకోవడం తెలీదు. సిమ్యులేటర్ నాలుగు గంటల్ని మూడు చేస్తే సంతోషం, వర్క్‌షాప్ బదులు అదే పెడితే మాత్రం ఆ చోటికి వెళ్లకండి.

సరే, చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి? ప్రారంభోత్సవాల ఫొటోలున్న హాలు వద్దు, ప్రాక్టికల్ జరిగే రోజున వర్క్‌షాప్‌కి తీసుకెళ్లమనండి. మెషీన్ల కింద లోహపు పొట్టు ఉందా? స్క్రాప్ డబ్బా నిండుగా ఉందా? ఖాళీగా తళతళలాడుతుంటే అక్కడ ఎవరూ ఏమీ చేయడం లేదని అర్థం. పిల్లల కళ్లకి గాగుల్స్ ఉన్నాయా, లేత్ దగ్గర వదులు చొక్కాలతో ఉన్నారా చూడండి. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ చేతి కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆయన చివరిసారి పరిశ్రమలో ఎప్పుడు పనిచేశారో మర్యాదగా అడగండి. మంచి మాస్టారైతే నొచ్చుకోరు, కుర్చీ వేసి మరీ చెబుతారు. ఏ కంపెనీల్లో ఎన్ని నెలలు శిక్షణకి పంపుతారో, అక్కడ పిల్లలచేత ఏ పని చేయిస్తారో అడగండి.

మీ అబ్బాయిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. అక్కడ సీనియర్ విద్యార్థి ఒకణ్ణి పక్కకి పిలిచి, "అన్నా, నువ్వు ఈమధ్య పాడుచేసిన ముక్క ఏది, ఎందుకు పాడైంది?" అని మీ వాడినే అడగమనండి. టూల్ ఎక్కడ జారిందో, కొలత ఎక్కడ తప్పిందో, రెండోసారి ఏం మార్చాడో ఆ కుర్రాడు చేతులు తిప్పుతూ చెప్పుకుపోతుంటే ఆ రోజే ఫారం తీసుకోండి. "మాకింకా మెషీన్ ఇవ్వలేదు" అంటే ఇంకోచోటు చూసుకోండి.